కొమురవ్వ చెయ్యి, ఐదు చుట్ల రీలు

కొమురవ్వ కుడిచెయ్యి నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆమె కొడుకు సుధాకర్ ఒకసారి ఫోన్‌లో గడియారం పెట్టి లెక్కపెట్టాడు. డెబ్బై రెండు. టీ తాగొచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. డెబ్బై రెండే. నలభై ఏళ్లు రాట్నం తిప్పి కండెలు చుట్టిన చెయ్యి అది. భర్త కాశయ్య మగ్గం మీద గొల్లభామ చీరలు నేస్తే, ఆ మగ్గానికి కావలసిన నూలంతా ఆమె చేతి మీదుగానే వెళ్లింది. రాట్నం తిప్పుతూ ఆమె మాట్లాడేది, పప్పు పొంగుతుందేమోనని పొయ్యి వైపు చూసేది, వాకిట్లోకి వచ్చిన కోళ్లను అదిలించేది. చెయ్యి మాత్రం తన పాటికి తాను తిరిగేది.

కాశయ్య మోకాళ్లు అరిగిపోయి మగ్గం గుంతలోకి దిగలేని పరిస్థితి వచ్చాక, మూడేళ్ల కిందట మగ్గం ఆగింది. గుంత మీద చెక్కలు పరిచి, దాని మీద బియ్యం సంచులు పెట్టారు. ఆ తరువాత కొన్నాళ్లు కొమురవ్వను చూస్తే జాలేసేది. మా ఇల్లు వాళ్ల ఇంటికి ఎదురే. అరుగు మీద ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా ఆమె మణికట్టు ఒళ్లో మెల్లగా కదులుతూ ఉండేది.

సుధాకర్ సిద్దిపేటలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. ఫోన్‌లో చేపలు పట్టే వీడియోలు చూసి చూసి, ఒకరోజు రీలు బిగించిన గాలం కర్ర, దానితోపాటు నాలుగు ప్లాస్టిక్ చేపలు కొనుక్కొచ్చాడు. ఆ చేపల కడుపు కింద గాలాలుంటాయి, మూతి దగ్గర పారదర్శకంగా చిన్న నాలుక ఉంటుంది. నీళ్లలో లాగితే ఆ నాలుక నీటిని తోసి చేపను కిందికి దించుతుంది, అటూ ఇటూ ఊపుతుంది. నిజం చేప ఈదుతున్నట్టే ఉంటుంది. రెండు ఆదివారాలు కోహెడ దారి పక్కనున్న మా ఊరి చెరువు కట్ట మీద నిలబడి సుధాకర్ పట్టింది తామర తీగలను మాత్రమే. మూడో ఆదివారం కర్రను మగ్గం దూలానికి వేలాడదీసి పడుకున్నాడు.

దాన్ని కిందికి దించింది కొమురవ్వ. రీలు పిడి పట్టుకొని ఒక్కసారి తిప్పి చూసింది.

"ఓ సుధాకరా, ఇది రాట్నమేరా!"

"రాట్నం కాదమ్మా, రీలు."

"పేరేదైతేంది. దారం చుట్టుకుంటుంది గద."

విసరడం ఆమె మా వాకిట్లోనే నేర్చుకుంది. పది గజాల అవతల బకెట్ పెట్టి, గాలాలు తీసేసిన ప్లాస్టిక్ చేపను అందులో పడేలా విసిరేది. మొదటి వారం అది మా కరివేపాకు చెట్టు మీద, మా గేదె వీపు మీద, ఒకసారి కాశయ్య తలపాగా మీద పడింది. నెల తిరిగేసరికి పదిలో ఎనిమిది బకెట్లో పడుతున్నాయి. అప్పుడు చెరువుకు వెళ్లింది.

మా చెరువులో కొర్రమట్ట చేపలు గట్టుకు దగ్గరగా, తామరాకుల కింద, మోకాలు లోతు నీళ్లలో ఉంటాయి. వాటి ముందు నుంచి ఏదైనా చకచకా పారిపోతే వెంటపడి కొరుకుతాయి. సుధాకర్ దుకాణంలో అందరిలాగే "ఫాస్ట్‌ది ఇవ్వు" అని అడిగి తెచ్చిన రీలు అది. పిడి ఒకసారి తిప్పితే లోపల దారం ఏడు చుట్లు చుట్టుకుంటుంది. కొమురవ్వ చెయ్యి, ఆ రీలు కలిస్తే ప్లాస్టిక్ చేప ప్రాణభయంతో పరుగెత్తినట్టే వచ్చేది. ఆ వానాకాలం ఆమె పట్టిన కొర్రమట్టలు మా గల్లీలో అందరి ఇళ్లలో ఉడికాయి. ఒళ్లో ఊరికే కదిలే మణికట్టు ఇక కనిపించలేదు. "ముసల్ది పొద్దున లేచి చెరువుకు పోతే ఇంట్ల నాకు ఛాయ్ పెట్టే దిక్కు లేదు" అని కాశయ్య ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ నవ్వేవాడు.

నవ్వనివాడు ఒకడున్నాడు. చేపల సంఘం అధ్యక్షుడు రాజమల్లయ్య. ఈ ఏడు వానలు మొదలయ్యాక, ఒక పొద్దున నలుగురు సభ్యులను వెంటేసుకొని కట్ట మీదికి వచ్చాడు.

"అక్కా, చెరువు సంఘంది. చేపపిల్లలు ఇడిసేది మేము, కావలి కాసేది మేము. నువ్వేమో కర్ర పట్టుకొని దర్జాగ పడుతున్నవ్."

"పిల్లలు ఇడిసింది నువ్వే తమ్మీ, కాదన్ననా? కొర్రమట్టలు నువ్వు ఇడిసినయా? అవి వాటంతట అవి పుట్టినయి."

"పుట్టినా మా నీళ్లల్లనే పుట్టినయి. ఇయ్యాల నువ్వొచ్చినవ్, రేపు సిద్దిపేట నుంచి పది మంది కర్రలేసుకొని వస్తరు. వాళ్లకు నేనేం చెప్పాలె? ఇగ బంద్ చెయ్యి."

కొమురవ్వ దారం చుట్టేసుకొని, కర్రను ఆనించి నిలబడింది. ఆమెకు కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది.

"పాత తూము కాడి వాలుగను ఎందుకు పట్టలేదు తమ్మీ?"

రాజమల్లయ్య మొహం మాడింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పూర్వం ఎండాకాలం చెరువు ఎండిపోయేది, ఎంత పెద్ద వాలుగ చేపైనా బురదలో చేతికి దొరికేది. కాలువ నీళ్లు రావడం మొదలయ్యాక చెరువు ఎండడం లేదు. పాత తూము ముందు లోతైన గుంట ఉంది. కట్ట బాగుచేసినప్పుడు మిగిలిన బండరాళ్లు అందులోనే పడేశారు. ఆ రాళ్ల సందున ఒక వాలుగ చేరి, సంఘం వదిలిన చేపపిల్లలను తిని బలిసింది. దాని కోసం వేసిన మూడు వలలూ రాళ్లకు చిక్కి చినిగాయి. పోయినేడు పట్టుబడిలో సంఘానికి సగం చేపలు కూడా రాలేదు.

"గా వాలుగను వల పట్టలేదు. నీ రాట్నం పడుతదా?" అన్నాడు రాజమల్లయ్య. వెనకాల సభ్యులు నవ్వారు. "సరే అక్కా, మాటంటే మాటే. పది రోజుల్ల పిల్లలు వస్తున్నయ్. గా లోపల వాలుగను బయటికి తే. నువ్వున్నన్ని రోజులు కట్ట మీద కూసో, అడిగేటోడు లేడు. తేకుంటే కర్ర సంఘం ఆఫీసుల పెట్టి పో."

"పెడత," అంది కొమురవ్వ.

ఆమె ఆ మాటను తేలిగ్గా అనలేదని ఆ రాత్రి ఆమె అన్నం ముట్టకుండా లేచినప్పుడే కాశయ్యకు అర్థమైంది. మగ్గం పోయాక ఆమె చేతికి దొరికిన పని అదొక్కటే. అది కూడా పోతే మిగిలేది మళ్లీ అరుగే.

గుంట కోసం సుధాకర్ పొడుగు నాలుక ఉన్న ప్లాస్టిక్ చేప ఒకటి తీసి ఇచ్చాడు. నాలుక ఎంత పొడుగైతే చేప అంత లోతుకు దిగుతుంది. వాలుగ కొర్రమట్టలా ఉరికి వెంటపడే రకం కాదు. అడుగున పడుకొని, తన మూతి ముందు నుంచి నింపాదిగా పోయేదాన్ని మింగుతుంది. అందుకే ప్లాస్టిక్ చేప అడుగున రాళ్లను తగులుతూ మెల్లగా రావాలి.

"మెల్లగ తిప్పాలమ్మా," అని సుధాకర్ వెయ్యి సార్లు చెప్పాడు.

మొదటి రోజు కొమురవ్వ మెల్లగానే మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ తిప్పింది. పదో తిప్పుకు చెయ్యి తన వేగం తాను అందుకుంది. ఏడు చుట్ల రీలు దారాన్ని గుంజింది, లోతుకు దిగుతున్న చేప పక్కకు ఒరిగి, గిరగిరా తిరిగి నీటి మీదికి తేలింది. రెండో రోజు లెక్క మానేసి బతుకమ్మ పాట ఎత్తుకుంది. పాట మెల్లగా సాగితే చెయ్యి కూడా సాగుతుందనుకుంది. కాసేపటికి పాటే చేతి వెంట పరుగెత్తింది. మూడో రోజు మణికట్టుకు తడిబట్ట చుట్టి దాని కొసకు రాయి కట్టుకుంది. నాలుగో రోజు ఎడమచేత్తో తిప్పింది. ఎడమచెయ్యికి తిప్పడమే రాలేదు.

అన్ని రోజులూ ప్లాస్టిక్ చేప నీటి మీదికే వచ్చింది. పొడుగు నాలుక నీటికి అడ్డం పడుతుంటే ఆ ఏడు చుట్ల రీలు తిప్పడం బావిలోంచి నిండు బకెట్ తోడినట్టుండేది. ఐదో రోజుకు మణికట్టు వాచింది. కట్ట మీద పనున్నా లేకున్నా రాజమల్లయ్య రోజుకొకసారి అటు నుంచి మోటారు సైకిల్ మీద వెళ్లేవాడు.

"అక్కా, ఎన్ని కండెలు చుట్టినవ్ ఇయ్యాల?"

ఆ సాయంత్రం కాశయ్య ఆమె మణికట్టుకు ఆముదం రాస్తూ కూర్చున్నాడు. నేను గిన్నె ఇవ్వడానికి వెళ్లి గడప దగ్గర ఆగిపోయాను.

"నలభై ఏండ్ల చెయ్యి, గిప్పుడు కొత్తగ నేర్చుకుంటదానే? ఇడిసిపెట్టు. రాజమల్లయ్యకు నేను పోయి చెప్తా," అన్నాడు కాశయ్య.

"నువ్వేం చెప్తవ్?"

"ఆడమనిషి, ఏదో నోరు జారింది అంట."

"నోరు జారలేదు. చెయ్యి మాట ఇంటలేదు. నోటికీ చేతికీ తేడా తెల్వదా నీకు?"

"తెలుసే తల్లీ. నీ చెయ్యి ఎన్నడు మాట ఇన్నది? సన్ననూలు వచ్చినప్పుడు గూడ గిట్లనే తిప్పుతుంటివి. పుటుక్కుపుటుక్కున తెగుతుండే, నేను మొత్తుకుంటుంటి."

కొమురవ్వ అతని వైపు తిరిగింది.

"తెగిందా? నాలుగు రోజులు తెగింది. తర్వాత తెగిందా?"

"తర్వాత... తెగలే."

"ఎందుకు తెగలే?"

కాశయ్య ఆముదం చేత్తోనే బుర్ర గోక్కున్నాడు. "గుడ్డపేలిక చుట్టినవ్ గద, కదురుకు."

రాట్నంలో పెద్ద చక్రం ఒకసారి తిరిగితే, దాని దారం లాగే సన్నని కదురు బోలెడన్ని సార్లు తిరుగుతుంది. ఆ దారం ఆనేచోట కదురుకు గుడ్డ చుట్టి లావు చేస్తే, చక్రం అంతే వేగంగా తిరిగినా కదురు మాత్రం నిదానిస్తుంది. సన్ననూలు తెగదు. కొమురవ్వ ఎన్నడూ చెయ్యిని తగ్గించలేదు. కదురునే తగ్గించింది.

"మరి ఐదు రోజుల నుంచి నా చెయ్యిని ఎందుకు కొట్టుకుంటున్న నేను!" అని ఆమె ఒక్క ఉదుటున లేచింది. ఆముదం గిన్నె దొర్లింది. "సుధాకరా, గా రీలుకు పేలిక చుట్టే జాగ ఎక్కడున్నదిరా?"

"రీలుకు పేలిక చుట్టరమ్మా," అన్నాడు లోపలి నుంచి సుధాకర్. ఆ వెంటనే తనే బయటికి వచ్చాడు. "కానీ స్లో రీలు దొరుకుతది."

మర్నాడు పొద్దుటి బస్సుకు తల్లీకొడుకులు సిద్దిపేట వెళ్లారు. అక్కడి సంగతి సుధాకర్ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఇజాజ్ అనే ఆయనది గాలాల దుకాణం. ఇరుకైన, పొడుగాటి గది, గోడ నిండా కర్రలు. కొమురవ్వ తన రీలు బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, ఇంతకన్న సుస్తు రీలున్నదా?"

ఇజాజ్ తన చెవులను తాను నమ్మలేకపోయాడు. "అమ్మా, అందరు ఇంకా ఫాస్ట్ చూపెట్టమంటరు. మీరు సుస్తు అడుగుతుండ్రా?"

"అందరి చెయ్యి వేరు. నా చెయ్యి వేరు."

ఇజాజ్ స్టూలెక్కి పైఅరలోంచి దుమ్ముపట్టిన డబ్బా తీశాడు. "ఐదు చుట్లది. రెండేళ్ల నుంచి ఉన్నది. ఎవ్వరు ముట్టుకోలే."

"నువ్వు దారం కొస పట్టుకొని గా గోడ దాక పో."

ఇజాజ్ దారం పట్టుకొని నడిచాడు. ఆమె పాత రీలుతో పదిసార్లు తిప్పి, చుట్టుకున్న దారాన్ని మళ్లీ లాగి మోచేతితో కొలిచింది. పదహారు మూరలకు పైనే వచ్చింది. కొత్త రీలుతో పదిసార్లు తిప్పి కొలిచింది. పదకొండున్నర. అప్పుడు కళ్లు మూసుకొని, ఇజాజ్‌తో అతని పిల్లల గురించి మాట్లాడుతూ, ఎంతమందో, ఏ బడికి పోతున్నారో అడుగుతూ తిప్పింది. దారం నింపాదిగా బల్ల మీదుగా వచ్చింది.

"ఇదే," అంది.

"యా అల్లా, పదేండ్ల నుంచి గీ దుకాణం నడుపుతున్న. మూరతోని రీలు కొలిచినోళ్లను చూడలే," అన్నాడు ఇజాజ్. అతనే ఏడు చుట్ల రీలు తీసుకొని, దానికి బదులుగా ఐదు చుట్లది ఇచ్చాడు. ఆమె బస్సెక్కేలోపే ఏడు చుట్లది అమ్ముడుపోయిందని తరువాత సుధాకర్‌కు ఫోన్ చేశాడు.

ఏడో రోజు పొద్దున కొమురవ్వ గుంట అవతలికి విసిరి తిప్పడం మొదలుపెట్టినప్పుడు నేను కట్ట మీదే ఉన్నాను. ఆమె లెక్కపెట్టలేదు, పాడలేదు. చెయ్యి తన డెబ్బై రెండులో తానుంది. కర్ర కొస చిన్నగా వణుకుతోంది. ప్లాస్టిక్ చేప పైకి తేలలేదు. ఉన్నట్టుండి ఆమె మొహం వెలిగింది.

"తగులుతుంది! రాళ్లకు తగులుతుందే పిల్లా! టక్కుమంటుంది, చేతికి తెలుస్తుంది!"

ఆ రోజు ఏమీ పడలేదు. ఎనిమిదో రోజు వాలుగ ఒకసారి కొట్టి వదిలేసింది. తెచ్చి చూస్తే ప్లాస్టిక్ చేప వీపు మీద సన్నని పళ్ల గీతలున్నాయి. ఆ గీతలను ఆమె ఊరంతా తిప్పి చూపించింది. తొమ్మిదో రోజు ఎడతెగని వాన. కట్ట మీద నిలబడే వీలు లేదు.

పదో రోజు తెల్లవారేసరికి వాన వెలిసింది. కాలువలోంచి ఎర్రనీళ్లు చెరువులోకి దూకుతున్నాయి. చేపపిల్లల బండి పొద్దెక్కేసరికి వస్తుందని తెలిసి సంఘం వాళ్లంతా కట్ట మీద చేరారు. రాజమల్లయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఫోటోలు దిగాలి కదా. కాశయ్య కూడా కర్ర ఊతంతో వచ్చి, తూము గోడ మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆఫీసు తాళం తెచ్చిన," అన్నాడు రాజమల్లయ్య.

కొమురవ్వ గుంట వైపు తిరిగింది. విసిరింది. చుట్టింది. మళ్లీ విసిరింది. పాతిక సార్లయినా అయి ఉంటుంది. జనం ఆమెను చూడడం మాని రోడ్డు వైపు బండి కోసం చూస్తున్నారు. ఇంకోసారి విసిరింది. కర్ర కొస టక్కున వంగింది, రాయి. ఆమె తిప్పడం ఆపింది. ఆగితే ప్లాస్టిక్ చేప కాస్త పైకి తేలి రాయి నుంచి విడిపించుకుంటుంది. ఒక ఊపిరి తీసుకొని మళ్లీ తిప్పింది.

రెండు తిప్పులకు కర్ర సగానికి వంగిపోయింది.

"పడ్డదే!" అని కాశయ్య అరిచిన అరుపుకు కట్టంతా ఇటు తిరిగింది.

వాలుగ రాళ్ల వైపు లాగింది. రీలు కీచుమంటూ దారం వదిలింది. "ఆపమ్మా, రాళ్లల్లకు పోతది!" అని సుధాకర్ గంతులేస్తున్నాడు. "తెగే దాన్ని గుంజుతరారా?" అంటూనే ఆమె కర్రను పక్కకు వాల్చి, అది లాగినంతసేపూ లాగనిచ్చింది. అది అలిసి ఆగిన క్షణాన తిప్పడం మొదలుపెట్టింది. ఏడు చుట్ల రీలైతే అంత బరువు మీద పిడి కదిలేది కాదు. ఐదు చుట్లది కదిలింది. ఒక్కొక్క తిప్పూ తక్కువ దారమే తెచ్చినా, తెచ్చిన దాన్ని వదల్లేదు. వాలుగ గుంట దాటింది. రాళ్లు దాటింది. పావుగంట గడిచేసరికి ఎర్రనీళ్లలో వెండిరంగు పొడుగాటి పక్క ఒకటి మెరిసి మునిగింది. కట్ట మీద ఒక్కసారిగా కేకలు లేచాయి.

దాని పెద్ద నోరు గట్టు దగ్గర తెరుచుకోగానే రాజమల్లయ్య నీళ్లలోకి దూకాడు. ఇస్త్రీ చొక్కాతోనే, నడుము లోతుకు. దవడ కింద చెయ్యి పెట్టి, రెండు చేతులా ఎత్తి గట్టు మీద పడేసి, తను కూడా పక్కనే బురదలో కూలబడ్డాడు.

సంఘం తక్కెడకు వేలాడదీశారు. పన్నెండున్నర కిలోలు. తోక నేలకు ఆనుతుంటే ఇద్దరు తక్కెడను పైకెత్తి పట్టుకోవలసి వచ్చింది.

"రాజమల్లన్నా, తాళం ఏది?" అని ఎవరో అరిచారు. జనం పగలబడి నవ్వారు. రాజమల్లయ్య జేబులో వెతికాడు. తాళం నీళ్లలో పోయింది.

"పోతే పోయింది తియ్యి," అన్నాడు. చొక్కా పిండుకుంటూ కొమురవ్వ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అక్కా, మాటంటే మాటే. కట్ట నీది. ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు."

"నీ పేరెందుకు తమ్మీ? నా పేరు లేదా నాకు?" అందామె. రాజమల్లయ్యే అందరికన్నా గట్టిగా నవ్వాడు.

అప్పుడే బండి వచ్చింది. చేపపిల్లలున్న ప్లాస్టిక్ సంచులను దించి చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి వైపు లోతులేని నీళ్లలో తేలనిచ్చారు. సంచిలోని నీళ్లూ చెరువు నీళ్లూ ఒకే చల్లదనానికి వచ్చేదాకా మూతులు విప్పకూడదు. కొమురవ్వ ప్లాస్టిక్ చేపను కొంగుతో తుడుచుకుంటూ అటు చూసింది.

"ఎంతసేపు ఆగాలె వాటిని ఇడువనీకి?"

"అర్ధగంట," అన్నాడు రాజమల్లయ్య.

"అయితే గా అర్ధగంట నాది. గుంటల ఒక్కటే ఉన్నదని నీకెవరు చెప్పిన్రు? ఇందాక దీన్ని గుంజుతుంటే వెనక ఇంకోటి మెసిలింది. నేను చూసిన."

రాజమల్లయ్య గుంట వైపు చూశాడు, సంచుల వైపు చూశాడు. తరువాత కట్ట మీది జనం వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు.

"చప్పుడు చెయ్యకుండ్రి! నేను చెప్పేదాక ఒక్క సంచి మూతి ఇప్పద్దు!"

కొమురవ్వ విసిరింది. ప్లాస్టిక్ చేప గుంట అవతల పడింది, చెయ్యి తన వేగం అందుకుంది. అధ్యక్షుడు తడి బట్టలతోనే మళ్లీ నీళ్లలోకి దిగాడు.

"ఎటు దిక్కు నిలబడాలె అక్కా?" అని మెల్లగా అడిగాడు.